చెప్పిన కథను వెనక్కి తీసుకోకండి: లూకాస్‌ఫిల్మ్ సంస్థకు ఒక బహిరంగ లేఖ

లూకాస్‌ఫిల్మ్ సంస్థ నిర్వాహకులకు, స్టార్ వార్స్ సినిమాలకు కథలు రాస్తున్న రచయితలకు,

నమస్కారాలు.

నేను రాజమహేంద్రవరంలో ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతాను. మీ సినిమాలను ముప్పై ఏళ్లకు పైగా చూస్తున్నాను. ఈ లేఖను తెలుగులో రాయడానికి కారణం ఉంది. మీ సంస్థకు చెప్పవలసినది ఎంత ఉందో, ఈ సినిమాల గురించి ఏళ్ల తరబడి మా భాషలో వాదులాడుకుంటున్న వాళ్లతో చెప్పవలసినదీ అంతే ఉంది. వాళ్లలో నా తమ్ముడు ఒకడు. అతను న్యూజెర్సీలో ఉంటాడు. 2017 డిసెంబరులో 'ద లాస్ట్ జెడై' చూసి వచ్చిన రాత్రి ఫోనులో మొదలైన మా వాదం ఇప్పటికీ తెగలేదు.

మా ఇద్దరికీ ఈ కథ పరిచయమైంది థియేటర్‌లో కాదు, మా వీధి చివర ఉన్న వీడియో లైబ్రరీలో. 1990ల మొదట్లో అద్దెకు తెచ్చుకున్న క్యాసెట్ 'ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'. దానికి ముందు ఒక సినిమా, తర్వాత ఒక సినిమా ఉన్నాయన్న సంగతి కూడా మాకు తెలియదు. నేనప్పుడు పదో తరగతి, తమ్ముడికి ఎనిమిదేళ్లు. ఇంగ్లీషు సగమే అర్థమైంది గానీ, దుష్టుడైన డార్త్ వేడర్ చెయ్యి చాచి, నీ తండ్రిని నేనేనని కథానాయకుడు ల్యూక్‌తో చెప్పిన మాట మాత్రం ఇద్దరికీ అర్థమైంది. తర్వాతి క్యాసెట్‌ను మాకంటే ముందు ఎవరో తీసుకుపోయి, చాలా రోజులు తిరిగి ఇవ్వలేదు. ఆ రోజుల్లో తమ్ముడు బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచీ భుజం మీద నుంచి దించకుండానే, "వాడు అబద్ధమే చెప్పి ఉంటాడు కదా అన్నయ్యా" అని అడిగేవాడు. అబద్ధమేనని నేను ధైర్యం చెప్పేవాణ్ణి. ఎట్టకేలకు క్యాసెట్ దొరికి, ల్యూక్ గురువైన, చావుకు దగ్గరపడిన యోడా అది నిజమేనని ఒప్పుకున్నప్పుడు తమ్ముడు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. వాడికి ఇష్టంలేని జవాబే వచ్చింది. అయినా ఆ కథ మీద వాడికి నమ్మకం కలిగింది ఆ రోజునే, ఎందుకంటే ఒక సినిమాలో అన్న మాటకు తర్వాతి సినిమా కట్టుబడింది.

ఈ లేఖలో నేను మిమ్మల్ని కోరేది కూడా ఆ కట్టుబాటునే. అభిమానులు మీ మీద కోప్పడుతున్నారని, వర్గాలుగా చీలిపోయారని, ఏం తీసినా సగం మందికి నచ్చడం లేదని మీరు బాధపడుతూ ఉండవచ్చు. ఆ చీలికను సరిచేయాలని ప్రయత్నించకండి. ఒకసారి తెర మీద చెప్పిన కథను, అది ఎవరికి నచ్చినా ఎవరికి నచ్చకపోయినా, వెనక్కి మాత్రం తీసుకోకండి.

ముందుగా మా వాదం ఏమిటో ఇద్దరి పక్షానా న్యాయంగా చెబుతాను. దూరం నుంచి వినేవాళ్లకు అది ఉత్త కేకలుగా వినిపిస్తుంది గానీ, అందులో విషయం ఉంది. 'ద ఫోర్స్ అవేకెన్స్' చివర రే అనే అమ్మాయి సముద్రం మధ్య కొండ ఎక్కి, లైట్‌సేబర్ అనే పాత కాంతి కత్తిని ల్యూక్ ముందు చాచి నిలబడుతుంది. మా దేశంలో ఆ సినిమా మిగతా దేశాల కంటే ఒక వారం ఆలస్యంగా, 2015 డిసెంబరు 25న వచ్చింది. ఆ చాచిన చెయ్యి దగ్గర కథ ఆగిపోయి రెండేళ్లు గడిచాయి. 2017లో తర్వాతి సినిమా 'ద లాస్ట్ జెడై'లో ల్యూక్ ఆ ఆయుధాన్ని అందుకుని, ఒక్కసారి చూసి, భుజం మీదుగా వెనక్కి విసిరేశాడు. మా హాలులో కొందరు నవ్వారు, కొందరు నివ్వెరపోయారు. నిద్రపోతున్న మేనల్లుడిలో చీకటిని చూసి ఒక్క క్షణం అతని మీద కత్తి దూసినందుకు సిగ్గుపడి, లోకానికి దూరంగా ముసలివాడైపోయిన ల్యూక్‌ను ఆ సినిమా చూపించింది.

తమ్ముడి అభ్యంతరం బలమైనది. 1983 నాటి సినిమాలో ఈ ల్యూక్ తన ఆయుధాన్ని అవతల పారేసి, చంపితే నన్ను చంపండి గానీ తండ్రిని చంపనని నిలబడ్డాడు. లోకమంతా రాక్షసుడని తీర్మానించిన మనిషిలో మంచిని వెతికి పట్టుకున్నవాడు, ఇంకా ఏ తప్పూ చేయని పిల్లవాడి మీద కత్తి ఎలా ఎత్తుతాడని అతని ప్రశ్న. ఆ రాత్రి ఫోనులో అతని గొంతు వణికింది. నలభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఒక సినిమా పాత్ర కోసం అంత బాధపడటం వింతగా తోచవచ్చు. మా నాన్నగారు పోయిన ఏడాది అది. ల్యూక్ తన తండ్రిని వదులుకోలేదన్న సంగతికి ఆ ఏడాది అతనికి వేరే విలువ ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నా జవాబు ఇంకోలా ఉంది, ఇప్పటికీ ఉంది. ఒక్క క్షణపు భయానికి లొంగి, ఆ భయాన్ని తనంతట తానే అణచుకుని, అప్పటికే మేనల్లుడు కళ్లు తెరిచి చూశాడు గనుక జీవితాంతం దానికి మూల్యం చెల్లించిన ల్యూక్ నాకు తక్కువవాడుగా కనిపించలేదు. చివర్లో అతను ఎక్కడో ద్వీపంలో కూర్చుని, తన రూపాన్ని మాత్రం యుద్ధభూమికి పంపి, ఎవరినీ గాయపరచకుండా తనవాళ్లను కాపాడాడు. 1983లో ఆయుధం పారేసిన మనిషికి తగిన ముగింపు అదేనని నేనంటాను. తమ్ముడు ఒప్పుకోడు. ఒప్పుకోవలసిన పనీ లేదు. కథ బతికి ఉన్నదనడానికి ఇలాంటి వాదమే గుర్తు. మా ఊళ్లో భారతం చదివిన ఏ ఇద్దరు పెద్దవాళ్లను కూర్చోబెట్టినా ధర్మరాజు జూదం గురించి, అశ్వత్థామ చావు గురించి చెప్పిన ఆ ఒక్క మాట గురించి ఇలాగే పోట్లాడుకుంటారు. ఆ పోట్లాట ఆపడానికి ఎవరూ భారతాన్ని దిద్దలేదు.

మీరు దిద్దారు. 2019 డిసెంబరులో వచ్చిన 'ద రైజ్ ఆఫ్ స్కైవాకర్' గురించి నా ఫిర్యాదు అదే.

అభిమానుల కోపం చూసి కథ మార్చామని మీరెక్కడా అనలేదు, అలాగే జరిగిందని నేనూ నిరూపించలేను. ఆ సినిమాకు మొదట అనుకున్న దర్శకుడు కోలిన్ ట్రెవరో 2017 సెప్టెంబరులోనే, అంటే 'ద లాస్ట్ జెడై' విడుదలకు ముందే తప్పుకున్నారు. ల్యూక్ కవల సోదరి లియా పాత్రధారిణి కేరీ ఫిషర్ 2016 డిసెంబరులో కన్నుమూశారు. కొత్త దర్శకుడు జె.జె. అబ్రమ్స్ చేతికి వచ్చేటప్పటికే ఆ పని కష్టమైన పని. ఇవన్నీ తెలిసే రాస్తున్నాను. అయినా తెర మీద కనిపించినది కనిపించింది. రే నిస్పృహతో లైట్‌సేబర్‌ను మంటల్లోకి విసిరితే, చనిపోయిన ల్యూక్ ఆత్మగా వచ్చి దాన్ని గాలిలోనే పట్టుకుని, జెడై యోధుడి ఆయుధాన్ని ఇంకా గౌరవంగా చూడాలని హితవు చెబుతాడు. అది రేకు చెప్పిన మాట కాదని, రెండేళ్ల కిందటి సినిమాకు చెప్పిన జవాబని హాలులో అందరికీ తెలిసింది. మా తమ్ముడి కోపానికి సరిగ్గా సరిపోయే సన్నివేశం అది. ఆ రోజు అతను సంతోషిస్తాడనుకుని ఫోను చేశాను. అతను అన్న మాట ఇది: "నాకు నచ్చలేదన్నాను గానీ, చెరిపేయమనలేదన్నయ్యా."

రే పుట్టుక దగ్గర ఆ చెరిపివేత అన్నిటికంటే లోతుగా సాగింది. 2015లో ఆమె ఎవరి బిడ్డ అన్న ప్రశ్న పెట్టారు. 2017లో జవాబు ఇచ్చారు: ఎవరి బిడ్డా కాదు, తాగుడు డబ్బుల కోసం కూతురిని అమ్ముకున్న పాత సామాన్ల వ్యాపారుల బిడ్డ. ఆ మాట విన్నప్పుడు నాకు కురుకుమారుల విద్యాప్రదర్శన గుర్తొచ్చింది. అర్జునుడికి దీటుగా విల్లు పట్టి నిలబడిన కర్ణుణ్ణి, నీ కులమేది, నీ తల్లిదండ్రులెవరని కృపాచార్యుడు అడుగుతాడు. కర్ణుడు తల వంచుకుంటాడు. తరతరాలుగా మా పల్లెల్లో ఆ ఘట్టం విన్న ప్రతి శ్రోతా ఆ తల ఎత్తించాలని కోరుకున్నాడు. వెనుక ఎవరూ లేకపోయినా నీలోని బలం నీదేనని ఒక పెద్ద కథ ఒక అనాథ పిల్లతో అన్నప్పుడు, ఆ సినిమా చివరి దృశ్యంలో గుర్రాలశాలలో చీపురు పట్టుకుని నక్షత్రాల వైపు చూసిన ఆ పేరులేని కుర్రాడిని చూపినప్పుడు, నేను చీకట్లో కళ్లు తుడుచుకున్నాను. రెండేళ్ల తర్వాత, కాదు, ఆమె దుష్ట చక్రవర్తి పాల్పటీన్ మనవరాలని చెప్పారు. 1983 సినిమాలో చచ్చిపోయిన ఆ చక్రవర్తి ఎలా తిరిగి వచ్చాడో సినిమాలో సరైన వివరణ లేదు. అతను లోకానికి పంపిన హెచ్చరిక సందేశాన్ని కూడా సినిమా విడుదలకు ముందు ఒక వీడియో గేమ్‌లో వినిపించారు. డబ్బు పెట్టి టికెట్టు కొనుక్కున్నవాడికి ఆ వార్త సినిమా మొదట్లో తెర మీద పైకి పాకే అక్షరాల్లో మాత్రమే తెలిసింది.

ఈ పోలికకు తమ్ముడు అడ్డుపడ్డాడు. "మన కర్ణుడికి కూడా చివరికి కుంతి కన్నతల్లి అయింది కదా, సూర్యుడు తండ్రి కదా, మరి అది తప్పు కాదా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది. భారతంలో ఆ సంగతి కర్ణుడికి తెలియదు గానీ, కథకుడికి మొదటి నుంచీ తెలుసు. విద్యాప్రదర్శనకు ముందే, ఆదిపర్వంలోనే, కుంతి పెట్టెలో పెట్టి నీళ్లలో వదిలిన బిడ్డ సంగతి శ్రోతకు చెప్పేశారు. కృపుడి ప్రశ్నకు కర్ణుడు తల వంచుకున్నప్పుడు మన గుండె రెండు విధాల బరువెక్కడానికి కారణం అదే. రే విషయంలో కథకులకే తెలియదు. ఆ పాత్ర ధరించిన డైసీ రిడ్లీ 2020లో ఒక టీవీ కార్యక్రమంలో, తన పాత్ర పుట్టుక గురించిన నిర్ణయం చివరి సినిమా పని జరుగుతున్న రోజుల్లో కూడా మారుతూ వచ్చిందని చెప్పారు. ఆ మాట చదివిన రోజున నాకు కోపం రాలేదు, చాలా బాధ కలిగింది. మేము రెండేళ్లు రాత్రిళ్లు కూర్చుని వాదించుకున్న ప్రశ్నకు అడిగినవాళ్ల దగ్గరే జవాబు లేదన్నమాట.

కథ నడుస్తుండగా మారకూడదని నేననడం లేదు. వేడర్ ల్యూక్ తండ్రి అన్న సంగతి కూడా తర్వాత పుట్టిన ఆలోచనే. లీ బ్రాకెట్ అనే రచయిత్రి 1978లో, తాను చనిపోవడానికి కొద్ది వారాల ముందు 'ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' కోసం ఇచ్చిన చిత్తుప్రతిలో ల్యూక్ తండ్రి వేరే మనిషి, ఆత్మగా వచ్చి కొడుకుతో మాట్లాడతాడు. ఈ కథను సృష్టించిన జార్జ్ లూకాస్ తర్వాతి ప్రతిలో దాన్ని మార్చారు. అయితే ఆ మార్పు 1977 సినిమాను చెరపలేదు. నీ తండ్రిని వేడర్ చంపాడని మొదటి సినిమాలో ఒబి వాన్ చెప్పిన మాట అలాగే ఉంది. అది ఒక పెద్దమనిషి కుర్రవాడి దగ్గర దాచిన నిజమైంది. మూడో సినిమాలో ల్యూక్ ఆయన్ని నిలదీశాడు, ఆయన సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. పాత మాటను తీసుకుని దానికి కొత్త బరువు కట్టిన మార్పు అది. 2019 నాటి మార్పు పాత మాటలో ఉన్న బరువును దించేసింది. ఈ రెండింటికీ తేడా మీ రచయితలకు నాకంటే బాగా తెలుసు.

ఒక కథను అనేకమంది రాయడం, మధ్యలో చేయి మారడం మాకు కొత్త కాదు. నేను ఉంటున్న ఈ ఊళ్లోనే పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు కోరగా నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టి, అరణ్యపర్వం నడుమ ఆపేశాడు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు వాడైన తిక్కన విరాటపర్వంతో అందుకుని చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. నడుమ మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ముగ్గురిదీ మూడు రకాల తెలుగు, మూడు రకాల మనసు. నన్నయ శరత్కాలపు రాత్రులను వర్ణిస్తూ ఆగిన చోట, ఎర్రన శరత్కాలపు ఉదయంతో మొదలుపెట్టాడు. మూడు వందల ఏళ్ల కిందట ఆగిన రాత్రికి తెల్లవారేలా చేశాడు. నన్నయ శైలిలో ఎత్తుకుని మెల్లగా తిక్కన శైలిలోకి నడిపించాడు. తన భాగాన్ని కూడా రాజరాజనరేంద్రుడికే, నన్నయ పేరునే అంకితమిచ్చాడు. నన్నయ ఎంపికలు ఎర్రనకు అన్నీ నచ్చి ఉంటాయని నేననుకోను. నచ్చని చోట తన మాట తన పద్యంలో చెప్పుకుని ఉంటాడు గానీ, అవతలివాడి పద్యాన్ని కొట్టివేయలేదు. మీ మూడు సినిమాల మధ్య గడిచింది నాలుగేళ్లు. అందరూ ఒకే సంస్థలో, ఒకరికొకరు అందుబాటులో ఉన్నవాళ్లు. అందుకే ఇక్కడ తప్పు రచయితలది మాత్రమే అని నేననలేను. ఎవరి తర్వాత ఎవరు ఏ మాటకు కట్టుబడి ఉండాలో చెప్పవలసిన పెద్దరికం మీది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్న విషయానికి వస్తాను. మీ సినిమా మీద అభిప్రాయం చెప్పడం వేరు, అందులో నటించిన మనిషిని వేధించడం వేరు. 'ద లాస్ట్ జెడై'లో రోజ్ పాత్ర ధరించిన కెల్లీ మేరీ ట్రాన్, వియత్నాం నుంచి శరణార్థులుగా అమెరికా వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ. ఆమె రూపాన్ని, జాతిని ఎత్తిచూపుతూ వచ్చిన దూషణల మధ్య 2018 జూన్‌లో ఆమె తన ఇన్‌స్టాగ్రామ్ నుంచి పోస్టులన్నీ తీసేశారు. ఆ ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాసి, ఆ మాటలను తాను నమ్మడం మొదలుపెట్టానని చెప్పుకున్నారు. 1999 నాటి స్టార్ వార్స్ సినిమాలో జార్ జార్ బింక్స్ అనే పాత్రగా నటించిన అహ్మద్ బెస్ట్, అప్పటి వెక్కిరింతలకు కుంగిపోయి ప్రాణం తీసుకోవాలనుకున్న రోజు గురించి దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత నోరు విప్పారు. నటుల పేరు మీద ఒకరినొకరు తిట్టుకునే అభిమానులు మా తెలుగు నాట కూడా ఉన్నారు, వాళ్ల నోటి దురుసు నేను దగ్గరగా చూసినవాణ్ణి. కథ నచ్చకపోతే కథను అనాలి. పాత్ర ధరించినవాళ్లు చేసిన నేరమేమిటి?

అందుకే 2019 సినిమాలో రోజ్ పాత్ర రెండు నిమిషాలు కూడా కనిపించకపోవడం నన్ను కలచివేసింది. కేరీ ఫిషర్ పాత దృశ్యాలతో కలిపి ఆమెకు రాసిన కొన్ని సన్నివేశాలు సాంకేతికంగా కుదరలేదని రచయితల్లో ఒకరు వివరణ ఇచ్చారు, అది నిజమే కావచ్చు. కానీ ఆమెను తిట్టిపోసినవాళ్లకు ఆ ఖాళీలో తమ గెలుపే కనిపించింది. ఫిన్‌గా నటించిన జాన్ బొయేగా కూడా తెల్లవాళ్లు కాని నటుల పాత్రలను ముందు గొప్పగా చూపించి తర్వాత పక్కకు నెట్టారని 2020లో బాహాటంగా బాధపడ్డారు. ఒక పాత్రను ప్రవేశపెట్టడం కూడా ప్రేక్షకుడికి మాట ఇవ్వడమే. 2022లో 'ఒబి వాన్ కెనోబి' సిరీస్‌లో నటించిన మోసెస్ ఇంగ్రమ్ మీద జాత్యహంకార దూషణలు మొదలైన వెంటనే మీ అధికారిక ఖాతా నుంచే ఖండించారు, తోటి నటుడు ఇవాన్ మెక్‌గ్రెగర్ ఆమె పక్షాన నిలబడి మాట్లాడారు. 2023లో అహ్మద్ బెస్ట్‌ను 'ద మాండలోరియన్'లో జెడైగా తీసుకొచ్చి, గ్రోగు అనే పసివాణ్ణి కాపాడే వీరుడిగా చూపించారు. ఆ దృశ్యం చూస్తున్నప్పుడు తమ్ముడు నాకు ఫోను చేసి ఏమీ మాట్లాడలేకపోయాడు. మీరు చేయగలిగినది అది. అయితే ఒక్క విన్నపం. దూషించినవాళ్లను ఖండించేటప్పుడు, సినిమా నచ్చలేదన్న ప్రతివాణ్ణీ ఆ గుంపులో కలపకండి. మా తమ్ముడు ఎవరినీ ఒక్క మాట అనలేదు. తండ్రిని వదులుకోని కొడుకు కోసం అతను బాధపడ్డాడు, అంతే.

చెప్పినదాన్ని వెనక్కి తీసుకునే అలవాటు మీ కాలంలో మొదలైంది కాదని కూడా ఒప్పుకోవాలి. 1977 సినిమాలో హోటల్ బల్ల దగ్గర తనను చంపడానికి వచ్చిన గ్రీడోను హాన్ సోలో బల్ల కింద నుంచే కాల్చేస్తాడు. 1997లో లూకాస్ విడుదల చేసిన ప్రత్యేక ప్రతిలో గ్రీడోయే ముందు కాల్చి గురి తప్పుతాడు. 2004లో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాల్చారు. 2019లో గ్రీడో నోట ఇంకో కొత్త మాట చేరింది. డబ్బు కోసం దేనికైనా తెగించే మనిషి చివర్లో స్నేహితుల కోసం వెనక్కి తిరిగి రావడమే హాన్ కథ. మొదట్లోనే అతన్ని మంచివాణ్ణి చేస్తే అతను వెనక్కి తిరిగి వచ్చే దూరం తగ్గిపోతుంది. ఒక్క తుపాకీ మోత గురించి అభిమానులు పాతికేళ్లు పోట్లాడారంటే కారణం అది. ఇదే లూకాస్ 1988లో అమెరికన్ కాంగ్రెస్ ముందు నిలబడి, పాత సినిమాలకు రంగులు పూసి మార్చేవాళ్ల నుంచి కళాకృతులను కాపాడాలని వాదించారన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. మరుసటి ఏడాదే ఆ మొదటి సినిమా అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారానికి ఎంపికైన తొలి 25 సినిమాల్లో చోటు సంపాదించింది. ఆ ఎంపికైన రూపం మాత్రం దశాబ్దాల పాటు మామూలు ప్రేక్షకుడికి సరిగా దొరకలేదు. 2006లో డీవీడీతో అదనంగా ఇచ్చిన ప్రతి పాత లేజర్‌డిస్క్ నాణ్యతలోనే ఉంది. పాత 35 మి.మీ. ప్రింట్లను వెతికి పట్టుకుని అభిమానులే సొంత ఖర్చుతో శుభ్రం చేసుకోవలసి వచ్చింది.

మా 'మాయాబజార్' 1957 నాటిది. 2010లో దానికి రంగులద్ది థియేటర్లలో విడుదల చేశారు. నేను చూశాను, ఘటోత్కచుడి వివాహ భోజనం పళ్లేలకు రంగులొస్తే పిల్లలు కేరింతలు కొట్టారు, నాకు సంతోషమే కలిగింది. సంతోషంగా ఉండగలిగానంటే కారణం, మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతో తీసిన నలుపు తెలుపు సినిమా ఎప్పటిలాగే అందుబాటులో ఉంది. ఏది కావాలంటే అది చూసుకోవచ్చు. ఈ ఒక్క సదుపాయం ఉండి ఉంటే గ్రీడో గురించి అంత రగడ జరిగేదే కాదు. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1977 నాటి అసలు ప్రింటును ప్రదర్శించిందని, 50 ఏళ్ల సందర్భంగా 2027లో మీరు మొదటి సినిమాను మళ్లీ థియేటర్లకు తెస్తున్నారని తెలిసి ఎంత ఆనందించానో మాటల్లో చెప్పలేను. దాన్ని కొన్ని రోజుల వేడుకగా వదిలేయకండి. ఆ అసలు రూపాన్ని, దానితో పాటు 1980, 1983 సినిమాల అసలు రూపాలను కూడా, కొనుక్కునే డిస్కుగానూ ఇంట్లో చూసుకునే ప్రతిగానూ శాశ్వతంగా అందుబాటులో ఉంచండి. మార్చిన ప్రతులను తీసేయమని అడగడం లేదు, అవి కూడా ఎవరో ఇష్టపడి పెరిగిన సినిమాలే.

2014 ఏప్రిల్‌లో పాత నవలలన్నిటినీ అసలు కథ నుంచి తప్పించినప్పుడు చాలామంది చదువరులు నొచ్చుకున్నారు. కానీ వాటిని నాశనం చేయకుండా 'లెజెండ్స్' అన్న పేరుతో అచ్చులో ఉంచారు, వాటిలోని థ్రాన్ లాంటి పాత్రను మళ్లీ తెచ్చుకున్నారు. ఆ పద్ధతిలో మర్యాద ఉంది. సినిమాల ప్రకటనల్లో ఆ మర్యాద కనిపించదు. 2017లో 'ద లాస్ట్ జెడై' దర్శకుడు రియాన్ జాన్సన్‌తో మూడు సినిమాలన్నారు, 2018లో బెనియాఫ్, వైస్‌లతో వరసగా సినిమాలన్నారు, 2020లో పాటీ జెంకిన్స్‌తో ఒకటన్నారు, 2023లో రే తిరిగి వస్తుందని లండన్‌లో వేదిక మీద చెప్పారు. వీటిలో కొన్నిటిని వదులుకున్నట్టు తేలింది, కొన్నిటి ఊసే లేదు. 2019 డిసెంబరు తర్వాత రావలసిన తదుపరి సినిమాకు మీరు పెట్టిన తేదీ 2026 మే 22. పూర్తి కథ చేతికి వచ్చేవరకూ ప్రకటించకండి. ఎదురుచూడటం మాకు చేతనవును, క్యాసెట్ల కాలం నుంచీ అలవాటే.

కట్టుబాటు అంటే ఏమిటో మీ సంస్థే చూపించింది. 'యాండోర్' సిరీస్ 2022, 2025లలో రెండు భాగాలుగా 24 ఎపిసోడ్లతో ముగిసింది. దాని నాయకుడు కాసియన్ చనిపోతాడని 2016 నాటి 'రోగ్ వన్' చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. దాన్ని సృష్టించిన టోనీ గిల్‌రాయ్ ఆ ముగింపును తప్పించే ఉపాయం వెతకలేదు. తెలిసిన చావు వైపు ఒక్కొక్క అడుగూ వేయించారు, ఆ తెలిసి ఉండటమే ప్రతి సన్నివేశానికీ బరువైంది. నాకూ తమ్ముడికీ మధ్య దాని గురించి కూడా తగవులున్నాయి గానీ, అవి పాత్రల గురించిన తగవులు. రాసినవాళ్లు తమ మాట మీద ఉన్నారా లేదా అన్న తగవు మాత్రం రాలేదు.

చివరగా, రే గురించి. ఆమె కథను మళ్లీ ఎత్తుకుంటే నాలాంటి వాళ్లు సంతోషిస్తారని, 2019లో చెప్పినదాన్ని మెల్లగా పక్కన పెట్టి ఆమెను మళ్లీ ఎవరూ లేని పిల్లగా చేయాలని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. ఆమె పాల్పటీన్ మనవరాలనే నిర్ణయం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అయినా అది చెప్పిన మాట. ఆ సినిమాను మొదటిసారి పదేళ్ల వయసులో చూసి, చెడ్డ రక్తంలో పుట్టి కూడా మంచి దారి ఎంచుకున్న రేను ప్రేమించిన పిల్లలు ఉన్నారు. వాళ్ల నుంచి ఆ రేను లాక్కుని నాకు ఇవ్వకండి. ఆ రాత్రి నుంచే తెల్లవారేలా రాయండి. తాత ఎవరో తెలిసిన తర్వాత, స్కైవాకర్ అన్న పేరును తానే తీసుకున్న తర్వాత, చీపురు పట్టిన ఆ కుర్రాడి లాంటి పిల్లలకు ఆమె ఏం నేర్పుతుందో చెప్పండి. అది రాయగలిగినవాళ్లు మీ దగ్గర ఉన్నారు.

2027లో మొదటి సినిమా తిరిగి థియేటర్‌కు వచ్చినప్పుడు తమ్ముడి చిన్న కూతురికి తొమ్మిదేళ్లుంటాయి. ఇంతవరకు ఆమెకు ఒక్క సినిమా కూడా చూపించలేదు. విడుదలైన వరసలో చూపించాలని నేను, కథ వరసలో చూపించాలని తమ్ముడు పట్టుబట్టాం. ఈ ఒక్క వాదంలో నేను గెలిచాను. మొదట 1977 సినిమా, ఆ తర్వాత వెంటనే రెండోది. ఆ రెండో సినిమా పూర్తయ్యాక వాళ్ల నాన్నను ఆమె ఏం అడుగుతుందో మా ఇద్దరికీ తెలుసు. మూడోది మాత్రం కొన్ని రోజులు ఆగి చూపిస్తామని ఇప్పుడే అనుకున్నాం.

ఇట్లు,
రాజమహేంద్రవరం నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయుడు